ఇంటి గుట్టు, వీధిలో హత్య: సైకలాజికల్ సస్పెన్స్ నవల రాయడానికి సమగ్ర మార్గదర్శి

వీధిలో ఒక హత్య జరుగుతుంది. ఆ హత్యకూ, ఒక ఇంట్లో ఏళ్ల తరబడి ఎవరూ ఎత్తని సంగతికీ ముడి ఉంటుంది. ఈ తరహా నవలకు ముడిసరుకు ఇంతే. అయినా చాలా రాతప్రతులు సగం దాటకముందే చతికిలబడతాయి. ఎక్కువసార్లు కారణం ఒకటే: రాసేవాళ్లు ముందు హత్యను ఊహించి, తర్వాత దానికి ఒక రహస్యాన్ని అతికిస్తారు. వరుస తిరగెయ్యాలి. చంపిందెవరన్నది డిటెక్టివ్ నవల ప్రశ్న. ఇక్కడ కథను లాక్కెళ్లే ప్రశ్న వేరు: ఈ ఇంట్లో ఎవరికి ఏం తెలుసు, ఎప్పటినుంచి తెలుసు, వాళ్లకు తెలుసన్న సంగతి ఇంకెవరికి తెలుసు?

ప్రతి దశనూ ఒకే ఉదాహరణ మీద చూద్దాం. 22 ఏళ్ల కిందట ఒక రాత్రి కారు ఢీకొని బాటసారి చనిపోయాడు. కారు నడిపింది తండ్రి అని కేసు తేలింది, ఆయన జైలుకు వెళ్లొచ్చాడు. నిజానికి నడిపింది 16 ఏళ్ల కూతురు. తలకు తగిలిన దెబ్బవల్ల ఆమెకు ఏమీ గుర్తులేదు. "నాన్న నడుపుతున్నాడు, నువ్వు పక్క సీట్లో నిద్రపోతున్నావు" అని ఇంట్లో చెప్పారు, ఆమె నమ్మింది. ఇప్పుడామెకు 38 ఏళ్లు, కథ చెప్పేది ఆమే. ఆ రాత్రి ఆమె గాయాలకు కట్టు కట్టిన నర్సు అదే వీధిలో ఉంటుంది, రిటైరైంది. ఒక మధ్యాహ్నం ఆమె తన ఇంటి మెట్ల కింద శవమై కనిపిస్తుంది.

1. ముందు రహస్యం, తర్వాత శవం

మొదటి అధ్యాయం జోలికి వెళ్లకుండా, రహస్యాన్ని 500 మాటల్లో పోలీసు నివేదికలాగా పొడిగా రాయండి. ఎవరు, ఎక్కడ, ఏ గంటకు, ఏం చేశారు, ఎవరు చూశారు. అలంకారాలొద్దు. ఇక్కడ తేలని సంగతి 300వ పేజీలోనూ తేలదు.

రాసినదాన్ని ఈ రకంగా పరీక్షించండి. రహస్యం ఒక పని అయి ఉండాలి. "నాన్నకు కోపమెక్కువ" అన్నది రహస్యం కాదు, "నాన్న కూతురి నేరం నెత్తిన వేసుకున్నాడు" అన్నది రహస్యం. కుటుంబం బయట కనీసం ఒక మనిషికి అందులో ముక్క తెలిసి ఉండాలి, లేకపోతే కథ నాలుగు గోడలు దాటి వీధిలోకి రాదు. ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది, దాన్ని కాపాడటానికి ఎవరో ఒకరు ఇవాళ్టికీ పని చేస్తూ ఉండాలి. పాత ఫోటోలు దాచడం, ఫలానా రోడ్డు మీదుగా వెళ్లకుండా చుట్టుతిరుగుడు దారి పట్టడం, నర్సు ఇంటికి కూతురు ఒంటరిగా వెళ్లకుండా చూడటం లాంటివి. ఈ రోజువారీ చాకిరీయే మీకు సన్నివేశాలిస్తుంది.

ఎక్కువమంది తప్పేది మూల్యం దగ్గర. రహస్యం పాతబడితే దాని ధర కూడా పడిపోతుంది. మన ఉదాహరణలో శిక్ష అనుభవించేశారు, 22 ఏళ్లు గడిచాయి, ఇప్పుడు బయటపడితే మాత్రం ఏం పోతుంది? ఈ ప్రశ్నకు "పరువు" అని రాసి ఊరుకుంటే నవల పలచనైపోతుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా లెక్క కట్టండి. కూతురికి: తనెవరో తనకు తెలిసిన మనిషి పోతుంది. తల్లికి: కాపురమంతా ఆడిన అబద్ధం తేలుతుంది. తండ్రికి: తన జీవితంలో గొప్పగా చేశాననుకున్న ఒకే ఒక్క పని అర్థం లేనిదైపోతుంది. జైలు భయంకన్నా ఇది బరువైనది. నర్సు "పిల్లకు చెప్పేస్తాను" అన్న క్షణంలో ఆయన చెయ్యి లేవడానికి ఇది చాలు. హంతకుడు దొరికాడు. చూశారుగా, రహస్యానికి ధర కడుతుంటే హంతకుడు తనంతట తానే తేలతాడు.

మరి ఇన్నేళ్లూ జరగనిది ఇప్పుడే ఎందుకు జరిగింది? దీనికి ఒక్క వాక్యంలో జవాబుండాలి. చనిపోయిన బాటసారి కొడుకు పెద్దవాడై, ఆసుపత్రి పేరు పట్టుకుని నర్సును వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చే వారం మళ్లీ వస్తానన్నాడు. గడువు రోజుల్లో ఉండాలి. నెలల్లో ఉంటే ఒత్తిడి కారిపోతుంది.

2. ఎవరికి ఏం తెలుసు: ఎరుక పట్టిక

ఈ నవలకు వెన్నెముక ఇదే. పెద్ద కాగితమైనా సరే, స్ప్రెడ్‌షీట్ అయినా సరే. నిలువు వరుసల్లో మనుషులు: కూతురు, తండ్రి, తల్లి, నర్సు, బాటసారి కొడుకు, ఇంకో ఇద్దరు ఇరుగుపొరుగు, చివర పాఠకుడు. అడ్డ వరుసల్లో అధ్యాయాలు. రహస్యాన్ని ఆరేడు ముక్కలుగా విడగొట్టి (నడిపిందెవరు, నర్సు ఏం చూసింది, బాటసారి కొడుకు ఎవరు, హత్య రాత్రి ఎవరు ఎక్కడున్నారు...) ఒక్కో ముక్కకు ఒక్కో పట్టిక వేయండి. గడిలో మూడింట్లో ఒకటే రాయాలి: తెలుసు, తెలియదు, తప్పుగా తెలుసు.

మూడోదే ఇంధనం. మన కథలో కూతురు నాన్నే నడిపాడని నమ్ముతోంది. తండ్రికి నిజం తెలుసు, కానీ భార్యకు తెలియదనుకుంటున్నాడు. తల్లికి నర్సు ఆనాడే చెప్పింది. పైగా కూతురికి అంతా గుర్తుందనీ, నటిస్తోందనీ ఆమె అనుమానం. ఇంత ఉంటే మామూలు మాట కూడా రెండు పదునుల కత్తి అవుతుంది:

"ఆ రాత్రి గురించి మనం మాట్లాడుకోకపోవడమే మంచిదమ్మా," అంటుంది తల్లి.

"నాన్న బాధపడతాడనేగా నేనూ ఎత్తనిది."

కూతురి లెక్కలో ఇది నాన్న మీద జాలి. తల్లి చెవికి ఇది నేరం ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. మొదటిసారి చదివేవాళ్లకు మొదటి అర్థం, రెండోసారి చదివేవాళ్లకు రెండోది అందుతుంది. నవల మొత్తంలో ఇలాంటి సంభాషణలు కనీసం అయిదు ఉండేలా చూసుకోండి. పట్టిక లేకుండా ఇవి కుదరవు. గుర్తుంచుకుని రాద్దామనుకుంటే ఇరవయ్యో అధ్యాయానికి ఏదో ఒక పాత్ర తనకు తెలియకూడని సంగతి మాట్లాడేస్తుంది.

పట్టికను కోతకు కూడా వాడొచ్చు. వరసగా రెండు అధ్యాయాల్లో ఏ గడీ మారలేదంటే ఆ రెంటినీ కలిపేయాలి, లేదా ఒకటి తీసేయాలి. వర్ణన ఎంత బాగున్నా సరే.

3. హత్య: గంటలు, గదులు, కిటికీలు

శవం చెప్పే సాక్ష్యాన్ని సుమారుగానైనా తెలుసుకోకుండా సమయం నిర్ణయించకండి. చనిపోయాక 2 నుంచి 4 గంటల్లో దవడ, మెడ దగ్గర బిగుసుకోవడం మొదలై, 12 గంటల వేళకు ఒళ్లంతా పాకుతుంది. ఒకటి, ఒకటిన్నర రోజు తర్వాత సడలడం మొదలవుతుంది. ఒంటి వేడి గంటకు రమారమి 1 డిగ్రీ సెల్సియస్ చొప్పున తగ్గుతుందన్నది మోటు లెక్క మాత్రమే. గది వేడి, బట్టలు, శరీరం లావు, గాలి అన్నీ దాన్ని మార్చేస్తాయి. అందుకే "రాత్రి 10 గంటల 20 నిమిషాలకు చనిపోయింది" అని చెప్పే డాక్టరు నవలల్లో మాత్రమే ఉంటాడు. మీ డాక్టరు చేత "రాత్రి 8కీ ఒంటిగంటకూ మధ్య" అనిపించండి. ఆ అయిదు గంటల సందులోనే మీ అనుమానితులందరూ పడతారు.

వీటన్నిటికన్నా రచయితకు పనికొచ్చేది రక్తం దిగడం. గుండె ఆగాక రక్తం బరువుకొద్దీ కిందివైపుకు చేరి, అరగంట నుంచి 2 గంటల్లో చర్మం మీద ఊదారంగు మచ్చలుగా కనపడుతుంది. 8 నుంచి 12 గంటలు గడిచేసరికి అవి దాదాపు స్థిరపడిపోతాయి. ఆ తర్వాత శవాన్ని కదిపినా మచ్చలు పాతచోటే ఉంటాయి. మన కథలో నర్సు రాత్రి 10కి వెల్లకిలా పడింది. మధ్యాహ్నం 12కి దొరికినప్పుడు బోర్లా ఉంది, మచ్చలు మాత్రం వీపు మీద ఉన్నాయి. అంటే పొద్దున ఎవరో వచ్చి శవాన్ని తిరగేశారు. వచ్చింది తల్లి, నర్సు నడుముకు కట్టుకున్న తాళాల కోసం తిప్పింది, బీరువాలోంచి పాత నోటుబుక్కు తీసుకుంది. ఒక్క ఆధారంతో ఒక హత్య రెండు అంకాలైంది, రాత్రి వచ్చింది ఒకరు, పొద్దున వచ్చింది మరొకరు. పోలీసులు ఒకే మనిషి కోసం వెతుకుతున్నంతసేపూ లెక్క కుదరదు.

చావు పద్ధతి విషయంలో వైద్యపరమైన చెత్తకు దూరంగా ఉండండి. గుడ్డలో పోసి వాసన చూపించగానే క్లోరోఫామ్ మనిషిని పడగొట్టదు, నిమిషాలు పడుతుంది. తలమీద దెబ్బకు గంటలసేపు స్పృహతప్పి, లేచి దుమ్ము దులుపుకుని వెళ్లిపోయే పాత్రకు నిజంలో మెదడు దెబ్బతిని ఉంటుంది. ఈ తరహా కథకు దగ్గరితనమే సరిపడే పద్ధతి. వాగ్వాదం, ఒక తోపు, మెట్లు. ప్రమాదమా హత్యా అన్న అనుమానం కూడా ఉచితంగా వస్తుంది.

ఇప్పుడు వీధి పటం గీయండి. ఆరు ఇళ్లు చాలు, పదిదాటితే పాఠకుడు పేర్లు కలిపేసుకుంటాడు. ప్రతి ఇంటికీ తలుపులు, కిటికీలు, మేడమెట్లు, వీధి దీపాలు గుర్తించి, రాత్రి 10కి ఏ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో గీతలు లాగండి. చిన్న సంగతులే ఇక్కడ పట్టిస్తాయి. దీపం వెలుగుతున్న గదిలోంచి చీకటి వీధిలోకి చూస్తే అద్దంలో తన ముఖమే కనిపిస్తుంది. కాబట్టి సాక్షి బయటి మనిషిని చూడాలంటే ఆ గదిలో దీపం ఆర్పి ఉండాలి. ఎందుకు ఆర్పిందో మీరు చెప్పాలి. దూరం నుంచి రాత్రిపూట ముఖం పోల్చడం కష్టం, నడకను పోల్చడం తేలిక. కుంటుతూ నడిచే పాత్రను మాత్రం సృష్టించకండి, అది మరీ అరిగిపోయింది.

ఇరుగుపొరుగు మౌనాన్ని రాసేటప్పుడు ఒక హెచ్చరిక. 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ అనే యువతి హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారని పత్రికలో వచ్చింది, లోకమంతా నమ్మింది. ఆ కథనం లోపభూయిష్టమని 2016లో ఆ పత్రికే ఒప్పుకుంది. చాలామంది విన్నది ఒక అరుపు ముక్క మాత్రమే. మీ వీధి కూడా అలాగే ఉండాలి. అందరికీ తలా ఒక తునక తెలుసు, ఎవరికీ అది హత్య అని తెలియదు. రాతిగుండె జనం కన్నా ఇది నమ్మదగ్గది, ఎక్కువ భయపెట్టేది కూడా.

4. కథకురాలి జ్ఞాపకం

నమ్మలేని కథకురాలు మూడు రకాలు: అబద్ధమాడేది, దాచేది, పొరబడేది. మూడూ కలిపితే పాఠకుడు మోసపోయాననుకుంటాడు. ఒకటే ఎంచుకోండి. కుటుంబ రహస్యాల నవలకు మూడోది అన్నిటికన్నా బాగా నప్పుతుంది, ఎందుకంటే పొరపాటును తయారుచేసింది కుటుంబమే.

దీనికి గట్టి పునాది ఉంది. 1974లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కొందరు విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం అడిగారు. ప్రశ్నలో క్రియ మాత్రం మార్చారు. కార్లు "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అని అడిగినవాళ్లు సగటున గంటకు 40.8 మైళ్లన్నారు, "తాకినప్పుడు" అని అడిగినవాళ్లు 31.8 అన్నారు. మరో ప్రయోగంలో, వారం తర్వాత పగిలిన గాజు చూశారా అని అడిగితే, మొదటి రకం ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. "ఢీకొన్నప్పుడు" అని మామూలుగా అడిగిన 50 మందిలో 7గురు అన్నారు. ఫిల్ములో గాజు పగలనే లేదు. ఒక్క క్రియ ఇంత చేస్తే, 22 ఏళ్లపాటు ఇంట్లో పదేపదే చెప్పిన కథ ఏం చేస్తుందో ఆలోచించండి. కూతురికి పక్క సీటు చల్లదనం, వైపర్ల చప్పుడు, నాన్న చేతి గడియారం అన్నీ "గుర్తుంటాయి".

ఇక్కడే ఈ తరహాలో అతిపెద్ద బద్ధకం కాచుకుని ఉంటుంది: పతాక సన్నివేశంలో అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చేయడం. తలదెబ్బవల్ల ప్రమాద క్షణాలు పోయాయంటే, చాలావరకు ఆ జ్ఞాపకం మెదడులో పదిలపడనే లేదని అర్థం. తాళం వేసిన గదిలో లేదు, అసలు లేదు. మెరుపులాంటి ఫ్లాష్‌బ్యాక్‌తో ముడి విప్పితే వైద్యమూ తప్పుతుంది, కథా చవకబారుతుంది. నిజం ఆమెకు బయటినుంచి, ఆధారాలతోనే రావాలి. తన సొంత నేరాన్ని పరాయి మనిషి కేసులా నిరూపించుకోవాలి. ఈ నవలకు అసలైన భయం అక్కడుంది.

5. తెలుగు చేతికిచ్చే పనిముట్లు

"-ట" ప్రత్యయాన్ని చూడండి. "నాన్న నడిపాడు" అంటే నేను చూశాను. "నాన్న నడిపాడట" అంటే విన్నాను. కథకురాలి చేత ఆ రాత్రి గురించి మొదటినుంచీ "ట" లేకుండా, చూసినదానిలాగే చెప్పించండి. అయిదో అధ్యాయంలోనో ఆరో అధ్యాయంలోనో, వేరే హడావిడి మధ్య, ఒకే ఒక్కసారి "నేను నిద్రపోతున్నానట" అని జారనివ్వండి. పాఠకుడు దాటిపోతాడు. చివర నిజం తెలిశాక కూడా ఆమె "నేనే నడిపానట" అనే అనగలదు, ఎన్నటికీ "నడిపాను" అనలేదు. అంతకుమించిన వివరణ పేరాలు అక్కర్లేదు.

క్రియ మన దగ్గర లింగాన్ని బయటపెడుతుంది, అదొక చిక్కు. "వచ్చాడు" అనగానే సగం మంది అనుమానితులు తప్పుకుంటారు. హంతకుడి కోణంలో అధ్యాయాలు రాయాలంటే ఉత్తమ పురుష వాడండి, "వచ్చాను, చూశాను" అన్నదాంట్లో ఆడా మగా తెలియదు. సాక్షుల మాటల్లో "ఎవరో లోపలికెళ్లారు" అన్నది వరం. ఒకరా ఇద్దరా, ఆడా మగా, ఏదీ తేలదు. ఇన్‌స్పెక్టరు ఈ రెండు ప్రశ్నలూ అడిగి తీరాలి. అడగకపోతే రచయిత దాచాడని దొరికిపోతాం.

అదే మాటను ఆధారంగానూ మార్చొచ్చు. ఎదురింటి ముసలమ్మ తెలియని మగవాళ్లందరినీ "వాడు" అంటుందని ముందే రెండుమూడుసార్లు చూపించండి. ఆ రాత్రి కనిపించిన మనిషి గురించి మాత్రం "వెళ్లారు" అంది. అంటే ఆమె పోల్చుకుంది, పెద్దమనిషి గనుక గౌరవంగా అంది, భయపడి పేరు మింగింది. పిలుపులు కూడా అంతే. తల్లి ఒకప్పుడు నర్సును "వదినా, నువ్వు" అనేది, 22 ఏళ్లుగా "మీరు" అంటోంది. ఇంత దూరం ఎందుకొచ్చిందో పాత ఉత్తరం ఒకటి చూపిస్తే చాలు.

6. ఆధారాలు, తప్పుదారులు

ప్రధాన ఆధారం ఒకటి, దానికి తోడు మూడు. అంతకుమించితే పజిల్ పుస్తకమవుతుంది. ప్రతి ఆధారం మూడుసార్లు కనిపించాలి. మొదటిసారి అమాయకంగా, రెండోసారి తప్పు అర్థంతో, మూడోసారి నిజంగా.

మన ప్రధాన ఆధారం కుడి భుజం. వాహనాలు రోడ్డుకు ఎడమవైపు నడిచే దేశాల్లో స్టీరింగు కుడివైపుంటుంది. డ్రైవరు బెల్టు కుడి భుజం మీదుగా ఎడమ నడుముకు దిగుతుంది, పక్క సీటులో ఉన్నవాళ్లది ఎడమ భుజం మీదుగా. గట్టి దెబ్బకు బెల్టు పడ్డచోట ఏటవాలుగా కమిలిన చార మిగులుతుంది, ఒక్కోసారి ఆ వైపు కాలర్‌బోన్ విరుగుతుంది. ఎవరు నడిపారో తేల్చడానికి నిజంగానే ఇలాంటి చారలు చూస్తారు. నర్సు ఆ రాత్రి కూతురి కుడి భుజం మీద చార చూసింది, నోటుబుక్కులో రాసుకుంది. (కథ స్టీరింగు ఎడమవైపుండే దేశంలో జరిగితే భుజాలు తారుమారు చేయడం మరవకండి.)

నాటడం ఎలా? రెండో అధ్యాయంలో ఆమె సంచిని ఎప్పుడూ ఎడమ భుజానికే తగిలించుకుంటుంది; కారణం చెప్పకండి. పదకొండులో డాక్టరు పాత కాలర్‌బోన్ విరుపు గురించి అడిగితే "చిన్నప్పటి ప్రమాదం" అంటుంది, డాక్టరు మాట మార్చి రక్తపోటు గురించి భయపెడతాడు. ఆ భయం ఆధారాన్ని కప్పేస్తుంది. ముప్పైమూడులో ఆమె అద్దెకారులో వెనక్కి వాలి, డ్రైవరు బెల్టు పెట్టుకోవడం చూస్తుంది. ఒక్క పేరా, అంతే. ఆధారాన్ని నాటడానికి పేరా చివరి వాక్యం పనికిరాదు, కన్ను అక్కడే ఆగుతుంది. మధ్యలో పెట్టి, వెంటనే ఫోను మోగించండి, లేదా ఎవరినైనా ఏడిపించండి.

తప్పుదారులు మూడు చాలు. ఒక్కోదానికి సొంత నిజం ఉండాలి. బాటసారి కొడుకు దొంగపేరుతో తిరుగుతున్నాడు, ఎందుకంటే నిజం పేరు చెబితే ఈ కుటుంబం తలుపు వేసేస్తుంది. పక్కింటి కుర్రాడి దగ్గర నర్సు బ్యాంకు కార్డు దొరుకుతుంది. కొంత డబ్బు ఆమెకు తెలిసే తీశాడు, కొంత తెలియకుండా. తల్లి పొద్దుటి రాక సంగతి చూశాం. ముగ్గురూ దాస్తున్నారు, ఎవరూ చంపలేదు. ఉత్తినే అనుమానంగా చూసే తోటమాలీ, కారణం లేకుండా ఉలిక్కిపడే బంధువూ మీ నవలలో ఉంటే తీసేయండి.

1929లో ఇంగ్లిషు రచయిత రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. మొదటిది: నేరస్థుడు కథ తొలిభాగంలోనే కనిపించాలి, కానీ పాఠకుడు ఎవరి ఆలోచనల వెంట నడిచాడో ఆ మనిషి కాకూడదు. మొదటి సగం ఈనాటికీ శిరోధార్యం. రెండో సగాన్ని మన తరహా కావాలనే మీరుతుంది. మన కథలో పాఠకుడు వెంట నడిచిన మనిషి హంతకురాలు కాదు, అయినా ఒక చావుకు కారణం ఆమే.

7. అమరిక

తెలుగులో ఒక్క మాటలో చాలా ఇముడుతుంది కాబట్టి ఇంగ్లిషు నవలల మాటల లెక్కను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1,300 మాటల చొప్పున 40 అధ్యాయాలు, అంటే 52,000 మాటలు హాయిగా సరిపోతాయి.

శవం మూడో అధ్యాయం దాటకూడదు. పదిలో పోస్ట్‌మార్టం మచ్చల సంగతి బయటపడి ప్రమాదం కాస్తా హత్య అవుతుంది. ఇరవైలో ఆ దొంగపేరు మనిషి ఎవరో తెలిసి, రెండు కేసులూ ఒకటే అవుతాయి. ముప్పైలో తప్పుడు ముగింపు: తల్లి వెళ్లి నేనే చంపానని లొంగిపోతుంది. ఇది గమనించండి, ఎవరో ఒకరు నేరం నెత్తిన వేసుకోవడం ఈ ఇంటి అలవాటు. 22 ఏళ్ల కిందట భర్త చేసినదే ఇప్పుడు భార్య చేస్తోంది. ఆమె ఒప్పుకోలు ఎక్కడ బెడిసికొడుతుంది? "మెట్ల దగ్గర లైటు వెలుతురులో ఆమె ముఖం చూశాను" అంటుంది. ఆ బల్బు రెండు రోజులుగా మాడిపోయి ఉంది, ఎదురింటి కిటికీ సాక్షి ఎనిమిదో అధ్యాయంలోనే అటు చీకటి అని చెప్పింది. ఆమె వెళ్లింది పగలు కాబట్టి ఆమెకు తెలియదు. ఎరుక పట్టికలో "తప్పుగా తెలుసు" అన్న ఒక్క గడి కేసును తిప్పేసింది. ముప్పైఅయిదు, ముప్పైఆరులో నిజం. మిగతా నాలుగు అధ్యాయాలు తర్వాతి బతుక్కు. వాటిని కుదించొద్దు, ఈ తరహా పాఠకులు చంపిందెవరో తెలిశాక కూడా ఆ ఇంట్లో మర్నాడు ఎలా గడిచిందో చూడాలనుకుంటారు.

గతం అధ్యాయాలు నాలుగింటికి ఒకటి చొప్పున ఎనిమిదో తొమ్మిదో వేయండి. వర్తమానంలో పుట్టిన ప్రశ్నకు గతం జవాబివ్వాలి. ఎవరూ అడగని జవాబులు ముందే ఇస్తే ఆ అధ్యాయాలను పాఠకుడు తిప్పేస్తాడు. ఢీకొన్న క్షణాన్ని మాత్రం నేరుగా రాయకండి. కథకురాలికి లేనిది పాఠకుడికీ ఉండకూడదు.

8. పోలీసు, ఫోను, ప్రయోగశాల

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు, కానీ తప్పులు పరువు తీస్తాయి. ఫోను టవర్ రికార్డు ఒక ప్రాంతాన్నే చెబుతుంది. ఆరు ఇళ్ల వీధిలో ఎవరు ఎవరింట్లో ఉన్నారో దాంతో తేలదు, అది మీకు లాభమే. సీసీ కెమెరా నిల్వ నిండాక పాత దృశ్యాల మీదే కొత్తవి రాసుకుంటుంది, దాని గడియారం తప్పు చూపించడం కూడా మామూలే. రక్తపు జాడ కోసం చల్లే లూమినాల్ అనే రసాయనం రక్తానికే కాక బ్లీచుకూ మెరుస్తుంది, కాబట్టి "మెరిసింది, రక్తమే" అని తీర్మానించే అధికారి పని తెలియనివాడు. అరెస్టు, వాంగ్మూలం, పాత కేసు తిరగదోడటం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. కథ ఏ దేశంలో, ఏ ఏడాదిలో జరుగుతోందో ముందే నిర్ణయించుకుని, ఆ ఒక్కచోటి పద్ధతిని క్రిమినల్ వకీలునో రిటైరైన అధికారినో అడిగి తెలుసుకోండి.

9. తిరగరాత

మొదటి ప్రతి అయ్యాక నెలరోజులు పక్కన పెట్టి, వెనకనుంచి చదవండి. నలభయ్యో అధ్యాయం, తర్వాత ముప్పైతొమ్మిది, అలా. ప్రతి వెల్లడి దగ్గరా ఆగి, దీనికి ముందు ఏ పేజీలో నాటాను అని వెతకండి. పేజీ దొరక్కపోతే వెనక్కి వెళ్లి నాటాలి, దొరికి మరీ కొట్టొచ్చినట్టుంటే కప్పాలి.

రెండోసారి తండ్రి కళ్లతో చదవండి. ఆయన కనిపించే ప్రతి సన్నివేశంలోనూ ఆయనకు తాను చంపిన సంగతి తెలుసు. అది తెలిసిన మనిషి ఆ మాట అంటాడా, ఆ కుర్చీలో అంత నిశ్చింతగా కూర్చుంటాడా? హంతకుణ్ణి దాచాలన్న ఆత్రంలో అతన్ని బొమ్మను చేయడం చాలా మామూలు తప్పు. ఆయన అంత్యక్రియల్లో ఎక్కువగా సాయం చేయాలి, మెట్లు ఎక్కకుండా కిందే నిలబడిపోవాలి. అందుకు మోకాళ్ల నొప్పి కారణమని ఇంకొకరు అనుకోవాలి.

మూడోసారి ఇతరులకివ్వండి. అయిదుగురు చాలు, అందులో ఇద్దరైనా మీకు మొహమాటం లేని మనుషులై ఉండాలి. పుస్తకమంతా చదివాక అభిప్రాయం అడిగితే అందరూ "బాగుంది" అనేస్తారు. పది, ఇరవై, ముప్పై అధ్యాయాల దగ్గర ఆపి, ఎవరిని అనుమానిస్తున్నారు, ఎందుకు అని రాయించండి. ముప్పై దగ్గర అయిదుగురూ తండ్రి పేరే రాస్తే ఆధారాలు బయటికి పొడుచుకొస్తున్నాయి. భుజం, "వెళ్లారు" అన్న మాట, రెంటిలో ఏది పట్టించిందో అడిగి దాన్నొక్కదాన్నే లోపలికి తోయండి. ఎవరూ రాయకపోతే ముగింపు వాళ్లకు అన్యాయంగా తోస్తుంది, తండ్రికి ఇంకో రెండు సన్నివేశాలు కావాలి. ఒకరిద్దరు సరైన మనిషిని తప్పు కారణంతో అనుమానిస్తుంటే చెయ్యి ఆపేసి, ప్రతిని ఎడిటర్‌కు పంపండి.